ఏబీఎస్ బ్రేకులు: విశాఖ రోడ్ల మీద బండి నడిపేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బండి కొనేటప్పుడు షోరూమ్‌లో 'ఏబీఎస్ కూడా ఉందండీ' అని ఒక్క మాటలో చెప్పి దాటేస్తారు. అది పనిచేసే ఆ రెండు మూడు సెకన్లలో మన కాలు ఏం చేయాలో చెప్పేవాళ్లు తక్కువ. గాజువాక హైవే మీద, బీచ్ రోడ్డులో, సింహాచలం ఘాట్‌లో రోజూ తిరిగేవాళ్లకు ఆ సంగతి తప్పకుండా తెలియాలి. కొత్తగా కారు నేర్చుకుంటున్నవాళ్లు, కాలేజీకి వెళ్లే పిల్లలకు బైకు కొనిపెట్టిన తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్నలు, వాటికి జవాబులు ఇవి.

ఏబీఎస్ అంటే ఏమిటి మాస్టారూ?

యాంటీ లాక్ బ్రేకింగ్ సిస్టమ్. కంగారులో బ్రేక్ గట్టిగా తొక్కినప్పుడు చక్రం తిరగడం పూర్తిగా ఆగిపోయి, బండి మాత్రం రోడ్డు మీద ఈడ్చుకుంటూ ముందుకు పోతుంది. దాన్నే చక్రం లాక్ అవడం అంటాం. అలా లాక్ కాకుండా, మనం ఎంత గట్టిగా తొక్కినా చక్రం తిరుగుతూనే వేగం తగ్గేలా చూసేది ఏబీఎస్.

చక్రం ఆగితే బండి ఆగినట్టే కదా! లాక్ అయితే నష్టమేంటి?

చాలామంది ఇక్కడే పొరబడతారు. బండిని ఆపేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉండే పట్టు. బ్రేకు చక్రాన్ని మాత్రమే ఆపగలదు. చక్రం బండి వేగం కంటే కొంచెం నెమ్మదిగా, అంటే సుమారు 10 నుంచి 30 శాతం తక్కువ వేగంతో తిరుగుతున్నప్పుడు మామూలు తారు రోడ్డు మీద ఆ పట్టు అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది. చక్రం పూర్తిగా ఆగిపోతే రబ్బరు రోడ్డు మీద జారడం మొదలవుతుంది, పట్టు తగ్గుతుంది. రోడ్డు తడిగా ఉంటే ఇంకా బాగా తగ్గుతుంది.

అంతకంటే పెద్ద నష్టం స్టీరింగ్‌ది. టైరు పట్టు నెల జీతం లాంటిది. అంతా తీసుకెళ్లి అద్దెకే కట్టేస్తే బియ్యానికీ కూరలకూ ఏమీ మిగలదు. చక్రం లాక్ అయిందంటే ఉన్న పట్టంతా జారడానికే ఖర్చయిపోయినట్టు. పక్కకు తిప్పడానికి ఏమీ మిగలదు. మీరు స్టీరింగ్ ఎడమకు ఎంత తిప్పినా కారు ఎదురుగా ఉన్న ఆటో వైపే తిన్నగా వెళ్తుంది. వెనక చక్రాలు ముందుగా లాక్ అయితే బండి వెనక భాగం పక్కకు తిరిగిపోతుంది. ఇక బైకు ముందు చక్రం లాక్ అయితే సర్దుకునే వ్యవధే ఉండదు, మనిషి కింద పడతాడు.

లోపల అసలు ఏం జరుగుతుంది?

ప్రతి చక్రం దగ్గర ఒక సెన్సర్ ఉంటుంది. చక్రంతో పాటు తిరిగే పళ్ల రింగునో, అయస్కాంతపు రింగునో చూస్తూ చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో అది కంప్యూటర్‌కు చెబుతూ ఉంటుంది. బండి ఎంత గట్టిగా బ్రేక్ వేసినా ఒక్కసారిగా ఆగిపోదు. కాబట్టి ఏదైనా చక్రం వేగం చటుక్కున పడిపోతే, అది లాక్ కాబోతోందని కంప్యూటర్‌కు అర్థమవుతుంది.

అప్పుడు ఆ చక్రానికి వెళ్లే బ్రేక్ ఆయిల్ దారిలో ఉన్న వాల్వ్ మూసుకుంటుంది, ప్రెజర్ ఇక పెరగదు. అయినా చక్రం నెమ్మదిస్తూనే ఉంటే ఇంకో వాల్వ్ తెరుచుకుని కొంత ప్రెజర్ వదిలేస్తుంది. చక్రం మళ్లీ తిరగడం అందుకోగానే మొదటి వాల్వ్ తెరుచుకుంటుంది, ప్రెజర్ మళ్లీ పెరుగుతుంది. బయటికి వదిలిన ఆయిల్‌ను ఒక చిన్న పంపు వెనక్కి తోస్తుంది. ఇదంతా సెకనులో పదిసార్లో అంతకంటే ఎక్కువసార్లో జరుగుతుంది. కార్లలో చాలావరకు ఒక్కో చక్రానికి విడివిడిగా జరుగుతుంది. ఎడమ చక్రాలు ఇసుక మీద, కుడి చక్రాలు తారు మీద ఉన్నప్పుడు దేనికి ఎంత బ్రేక్ కావాలో దానికంతే అందుతుంది. ఎంత అనుభవం ఉన్న డ్రైవరైనా ఒక్క పెడల్‌తో ఈ పని చేయలేడు.

గట్టిగా తొక్కితే పెడల్ కాలి కింద కొట్టుకుంటోంది, గరగరమని శబ్దం వస్తోంది. బ్రేకులు పోయాయా?

పోలేదు. పైన చెప్పిన వాల్వులు, పంపు పనిచేస్తున్న శబ్దమే అది. ఆయిల్ ప్రెజర్ పెరిగి తగ్గే ఆ కుదుపే మీ కాలికి తగులుతోంది.

ఈ పేజీలో ఒక్క జవాబే గుర్తుపెట్టుకుంటానంటే ఇదే గుర్తుపెట్టుకోండి. ముందెప్పుడూ ఆ కుదుపు ఎరగని మనిషి, అసలే టెన్షన్‌లో ఉన్న ఆ క్షణంలో, ఏదో విరిగిందనుకుని కాలు తీసేస్తాడు. కాలు తీస్తే బ్రేకే లేదు, ఇక ఏబీఎస్ చేయగలిగిందీ ఏమీ లేదు. ఎదురుగా గేదె వచ్చినా, మనిషి వచ్చినా, పెడల్ ఎంత కొట్టుకున్నా, బండి ఆగేదాకా కాలు అలాగే అదిమిపెట్టి ఉంచాలి. గేర్ల కారైతే క్లచ్ కూడా పూర్తిగా తొక్కండి. చూపు మాత్రం గుద్దుకుంటామేమో అనిపించే వస్తువు మీద కాకుండా, ఖాళీగా ఉన్న దారి మీద పెట్టండి. చేతులు చూపు వెంటే వెళ్తాయి.

దీనికి సీటు కూడా సరిగ్గా ఉండాలి. బ్రేక్ పెడల్‌ను అడుగంటా తొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగి ఉండేలా సీటు ముందుకు జరుపుకోండి. వెనక్కి జారగిలబడి నడిపేవాళ్లకు పెడల్ మీద పూర్తి బలం పెట్టడం కుదరదు.

మా నాన్నగారు లారీ నడిపేవారు. బ్రేకు తొక్కి వదులు, తొక్కి వదులు అని నేర్పారు. అది తప్పా?

ఆయన నడిపిన బండికి అదే సరైన పద్ధతి. ఏబీఎస్ లేని రోజుల్లో చక్రం లాక్ కాకుండా డ్రైవరే కాలితో చూసుకునేవాడు. ఏబీఎస్ ఉన్న కారులో అలా చేస్తే మీరు వదిలిన ప్రతిసారీ బ్రేకు లేకుండా బండి కొన్ని మీటర్లు ముందుకు పోతుంది. ఈ బండిలో ఒకేసారి గట్టిగా తొక్కి, అలాగే ఉంచాలి.

ఏబీఎస్ ఉంటే బండి తక్కువ దూరంలో ఆగుతుందా?

పొడి తారు రోడ్డు మీద తేడా కొద్దిగానే ఉంటుంది. తడి రోడ్డు మీద సాధారణంగా లాభమే. వదులుగా ఉన్న ఇసుక, కంకర, మట్టి మీద మాత్రం ఏబీఎస్ ఉన్న బండే ఎక్కువ దూరం వెళ్లి ఆగవచ్చు. దాని అసలు ఉపయోగం బ్రేక్ వేస్తూనే పక్కకు తిప్పుకోగలగడం. ఇది అర్థం కాక 'నా బండికి ఏబీఎస్ ఉంది' అని ముందు బండికి అంటుకుని వెళ్లేవాళ్లను చూస్తే భయమేస్తుంది.

లెక్క చూడండి. 60 కి.మీ. వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ప్రమాదాన్ని చూసి కాలు బ్రేక్ మీదికి వెళ్లేసరికి ఒక సెకను పట్టిందనుకుంటే, బ్రేక్ పడకముందే 17 మీటర్లు అయిపోయాయి. మంచి టైర్లతో, పొడి రోడ్డు మీద, ఆపైన ఆగడానికి ఇంకో 20 మీటర్లు కావాలి. మొత్తం 37. అదే 80 కి.మీ. వేగంలో మొత్తం 58 మీటర్ల దాకా వస్తుంది. వేగం రెట్టింపైతే బ్రేక్ వేశాక పోయే దూరం నాలుగింతలవుతుంది. వానలో, అరిగిన టైర్లతో 60 వేగంలో కూడా 50 మీటర్లు దాటిపోవచ్చు. ఈ లెక్కల్ని ఏ ఏబీఎస్ మార్చలేదు.

అందుకే ముందు బండి ఒక కరెంటు స్తంభాన్ని దాటగానే 'వెయ్యిన్నొకటి, వెయ్యిన్నిరెండు' అని లెక్కపెట్టండి. అది పూర్తయ్యేలోపే మీరు ఆ స్తంభం దగ్గరికి వచ్చేస్తే మరీ దగ్గరగా వెళ్తున్నట్టు. వానలో దానికి రెట్టింపు ఉంచండి.

ఇంకో మాట. కూర్మన్నపాలెం, గాజువాక వైపు ఇనుప చువ్వలు వేసుకుని వెళ్లే ట్రైలర్లు, పోర్టు నుంచి వచ్చే లారీలు మీ కారు ఆగినంత తొందరగా ఆగలేవు. వాటి ముందుకు దూరిపోయి టక్కున బ్రేక్ వేస్తే మీ ఏబీఎస్ మిమ్మల్ని ఆపుతుంది, వెనక ఉన్నాయన ఆగలేడు.

రుషికొండ నుంచి భీమిలి వెళ్లే దారిలో రోడ్డు మీదికి ఇసుక కొట్టుకొస్తుంది. అక్కడ ఏబీఎస్ ఎలా పనిచేస్తుంది?

తారు మీద పలచగా పరుచుకున్న ఇసుక చాలా ప్రమాదం. టైరుకూ తారుకూ మధ్య చిన్న చిన్న గింజలు దొర్లుతుంటాయి. అలాంటి చోట ఏబీఎస్ త్వరగా మొదలైపోతుంది, బండి నిటారుగా ఉంటుంది, కానీ ఆగడానికి ఎక్కువ దూరం తీసుకుంటుంది. ఇసుక మందంగా ఉన్న చోట లాక్ అయిన చక్రం ముందు ఇసుక కుప్పలా పోగై అడ్డు పడుతుంది. ఏబీఎస్ చక్రాన్ని తిప్పుతూ ఉంటుంది కాబట్టి ఆ కుప్ప ఏర్పడదు. ఇసుకలో దూరం పెరిగేది అందుకే.

కారులో వెళ్లేవాళ్లు వేగం తగ్గించుకుంటే సరిపోతుంది. బైకు మీద వెళ్లేవాళ్లు ఇసుక కనిపించిన మలుపుకు ముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే బ్రేక్ పని ముగించుకుని, ఇసుక మీద బ్రేకూ యాక్సిలరేటరూ ముట్టుకోకుండా దాటాలి. ఆదివారం సాయంత్రం ఆ దారిలో స్నేహితుల్ని వెనక కూర్చోబెట్టుకుని స్పీడుగా వెళ్లే కుర్రాళ్లకు దయచేసి ఈ ముక్క చెప్పండి.

వానాకాలంలో ఏం చూసుకోవాలి?

చాలా రోజుల ఎండ తర్వాత పడే మొదటి చినుకులు అన్నిటికంటే చెడ్డవి. రోడ్డు మీద పేరుకున్న ఆయిలు, టైరు పొడి, దుమ్ము కలిసి జారుడు పొరలా తయారవుతాయి. పోర్టు, ఫ్యాక్టరీల వైపు రోడ్లలో ఈ దుమ్ము ఎక్కువ. గట్టి వాన పడి కడిగేసేదాకా నెమ్మదిగా వెళ్లండి. జీబ్రా గీతల పెయింటు, మ్యాన్‌హోల్ మూతలు కూడా తడిస్తే బాగా జారతాయి.

నీళ్లు నిలిచిన చోట వేగంగా వెళ్తే టైరు నీటి మీద తేలిపోతుంది. అప్పుడు టైరు రోడ్డును తాకడమే లేదు కాబట్టి ఏబీఎస్ వల్ల ప్రయోజనం లేదు. యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి. లోతు నీళ్లు దాటి బయటపడ్డాక, వెనక ఎవరూ లేరని చూసుకుని బ్రేక్ మీద కాలు తేలిగ్గా రెండు మూడుసార్లు ఆనించండి, తడి ఆరుతుంది.

అరకు, సింహాచలం, కైలాసగిరి ఘాట్లు దిగేటప్పుడు ఏబీఎస్ ఉంటే భయం లేదా?

ఘాట్‌లో భయపడాల్సింది వేరే విషయానికి. శృంగవరపుకోట దాటాక అనంతగిరి కొండల్లో మలుపు మీద మలుపు వస్తుంది. దిగేటప్పుడు కాలు బ్రేక్ మీదే ఉంచి నడిపితే ప్యాడ్లు, డిస్కులు కాలిపోయేంత వేడెక్కుతాయి, బ్రేక్ పట్టు సడలుతుంది. ఆయిల్ పాతబడి నీటి తేమ పట్టి ఉంటే ఆ వేడికి అందులో ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. ప్రెజరే లేనప్పుడు ఏబీఎస్ అదుపు చేయడానికి ఏముంది?

ఎక్కేటప్పుడు ఏ గేరు వాడారో దిగేటప్పుడు కూడా దాదాపు అదే గేరులో ఉండండి. రెండో గేరు, మరీ ఏటవాలుగా ఉంటే మొదటి గేరు. ఆటోమేటిక్ కారైతే 'ఎల్' లేదా మాన్యువల్ మోడ్. వేగాన్ని ఇంజిన్ పట్టి ఉంచుతుంది. మలుపుకు ముందు బ్రేక్ ఒకసారి గట్టిగా వేసి వదిలేయండి, చల్లారే టైమ్ ఇవ్వండి. పెట్రోల్ ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దిగడం, ఇంజిన్ ఆపేసి దిగడం ప్రాణాలతో ఆడుకోవడమే. ఇంజిన్ ఆగితే కాసేపటికే కారు బ్రేక్ పెడల్ రాయిలా గట్టిపడిపోతుంది. కాలిన వాసన వచ్చిందంటే వ్యూ పాయింట్ దగ్గర ఆపి అరగంట కూర్చోండి. వేడి డిస్కుల మీద నీళ్లు మాత్రం పోయకండి.

మా అబ్బాయి బైకుకు 'సింగిల్ చానల్ ఏబీఎస్' అని ఉంది. డ్యూయల్ అంటే ఏమిటి?

సింగిల్ చానల్‌లో ముందు చక్రానికి మాత్రమే ఏబీఎస్. డ్యూయల్‌లో రెంటికీ. బ్రేక్ వేసినప్పుడు బరువంతా ముందుకు వస్తుంది, ఆపే పని ఎక్కువగా ముందు బ్రేకుదే, లాక్ అయితే పడేసేదీ అదే. కాబట్టి సింగిల్ చానల్ కూడా చాలా విలువైనదే. కానీ ఆ బండిలో వెనక బ్రేక్ గట్టిగా తొక్కితే వెనక చక్రం లాక్ అవుతుంది, బండి తోక ఊపుతుంది. ఆ సంగతి అబ్బాయికి తెలియాలి. డబ్బులు సరిపోతే డ్యూయల్ చానలే కొనమని నా సలహా. అలాయ్ వీల్స్‌కీ స్టిక్కర్లకీ పెట్టే డబ్బు దానికి పెట్టండి.

మన దేశంలో 125 సీసీ దాటిన కొత్త మోడల్ బైకులకు 2018 ఏప్రిల్ నుంచి, అప్పటికే అమ్ముడవుతున్న మోడళ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి చేశారు. 125 సీసీ, అంతకంటే చిన్న బళ్లకు ఏబీఎస్ గానీ సీబీఎస్ గానీ ఉండాలన్నారు. సీబీఎస్ అంటే ఒక బ్రేక్ నొక్కితే రెండు చక్రాలకూ పడుతుంది. మంచిదే, కానీ చక్రం లాక్ కాకుండా అది ఆపలేదు. మన ఇళ్లలో ఉండే స్కూటర్లు చాలావరకు ఈ రకమే. స్కూటర్ మీద వెళ్లే అక్కలు, పిన్నులు తడి రోడ్డులో బ్రేక్‌ను ఒక్కసారి గుంజకుండా, నెమ్మదిగా మొదలుపెట్టి బలం పెంచాలి.

ముందు బ్రేక్ వేస్తే పల్టీ కొడతామని అంటారు. నిజమేనా?

ఆ భయంతో జీవితాంతం వెనక బ్రేక్ ఒక్కటే వాడేవాళ్లున్నారు. వాళ్లకు ఆగడానికి చాలా ఎక్కువ దూరం కావాలి. రెండు బ్రేకులూ కలిపి వాడండి. ముందు బ్రేక్‌ను మొదట ఒక్క క్షణం కొంచెం పట్టి, బరువు ముందుకు వచ్చాక గట్టిగా పిండండి. మోకాళ్లతో ట్యాంకును నొక్కి పట్టుకోండి. ఏబీఎస్ ఉన్న బైకులో లివర్ వేళ్ల కింద అదిరినా వదలకండి.

మలుపులో మాత్రం జాగ్రత్త. బండి వంచి ఉన్నప్పుడు టైరు పట్టులో ఎక్కువ భాగం మలుపు తిరగడానికే పోతుంది. మామూలు ఏబీఎస్‌కు బండి వంగి ఉందని తెలియదు. వంపును కూడా కొలిచే కార్నరింగ్ ఏబీఎస్ ఖరీదైన బైకుల్లోనే ఉంటుంది. కాబట్టి మలుపులోకి వెళ్లకముందే వేగం తగ్గించాలి.

మీటర్‌లో పసుపు రంగు ఏబీఎస్ లైటు వెలుగుతోంది. బండి నడపొచ్చా?

తాళం తిప్పగానే ఆ లైటు వెలగడం మామూలే. కార్లలో కొన్ని సెకన్లలో ఆరిపోతుంది. బైకుల్లో బండి కదిలి కొంచెం వేగం అందుకునేదాకా వెలుగుతూనే ఉంటుంది, కంగారు పడకండి. తాళం తిప్పినప్పుడు అసలు వెలగకపోతే అదీ లోపమే, చూపించాలి.

నడుస్తుండగా వెలిగి ఆరకపోతే ఏబీఎస్ ఆగిపోయింది, మామూలు బ్రేకులు పనిచేస్తాయి. ఎక్కువ దూరం ఉంచుకుని మెకానిక్ దగ్గరికి నడుపుకెళ్లవచ్చు. దానితో పాటు ఎర్ర బ్రేక్ లైటు కూడా వెలిగితే ముందు హ్యాండ్ బ్రేక్ దించి ఉందో లేదో చూడండి. దించే ఉంటే బండి పక్కకు తీసి ఆపేయండి. ఆయిల్ కారిపోయి ఉండవచ్చు.

మాది సముద్రం పక్కన ఇల్లు. ఉప్పుగాలికి ఏబీఎస్ చెడిపోతుందా?

పెదవాల్తేరు, సాగర్‌నగర్ వైపు ఉండేవాళ్లకు ఇది నిజంగా పట్టించుకోవాల్సిన విషయం. ఇనుప పళ్ల రింగు తుప్పు పట్టి పొంగితే, పళ్ల మధ్య మురికి చేరితే సెన్సర్ తప్పు చదువుతుంది. కనెక్టర్ పిన్నులు పచ్చబడతాయి. వారం వారం చక్రాల లోపలి వైపు మంచినీళ్లతో కడిగించండి. ప్రెజర్ వాష్ పైపును మాత్రం సెన్సర్ వైర్ల మీదికి నేరుగా పెట్టనివ్వకండి. లైటు వెలగగానే పెద్ద రిపేరు అని భయపడనక్కర్లేదు. చాలాసార్లు సెన్సర్ తుడవడంతోనో, తెగిన వైరు అతకడంతోనో సరిపోతుంది. మొత్తం యూనిట్ మార్చాలని ఎవరైనా అంటే స్కానర్‌లో ఏ చక్రం ఎర్రర్ చూపిస్తోందో ముందు అడగండి.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన ఊరి గాలిలో తేమ ఎక్కువ కాబట్టి రెండేళ్లకోసారి తప్పకుండా మార్పించండి. డాట్ 3, డాట్ 4 అనే ఆయిల్ రకాల్లో ఏది వాడాలో బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీదే రాసి ఉంటుంది.

టైర్లకూ ఏబీఎస్‌కూ సంబంధం ఉందా?

ఏబీఎస్ ఉన్న పట్టును పూర్తిగా వాడుకుంటుంది, లేని పట్టును పుట్టించలేదు. గుండు టైర్లతో అది చేయగలిగింది చాలా తక్కువ. గాడిలో ఉండే చిన్న గుర్తు ట్రెడ్‌తో, అంటే రోడ్డును తాకే టైరు పైభాగంతో సమానమైందంటే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గినట్టు, మార్చేయాలి. వానాకాలానికి ముందైతే అంతదాకా ఆగవద్దనే చెప్తాను. నాలుగు టైర్లూ కంపెనీ చెప్పిన సైజులోనే ఉండాలి. ఒకటి వేరే సైజైతే అది వేరే వేగంతో తిరుగుతుంది, కంప్యూటర్ అయోమయంలో పడుతుంది.

ఏబీఎస్ ఎప్పటి నుంచి ఉంది?

మొదట విమానాల కోసం తయారైంది. డన్‌లప్ కంపెనీ మాక్సారెట్ పరికరం 1950లలో విమానాల చక్రాలకు వాడారు. కార్లలో ఎలక్ట్రానిక్ ఏబీఎస్‌ను బాష్ కంపెనీ 1978లో మెర్సిడెస్ ఎస్ క్లాస్‌తో తెచ్చింది. బైకుల్లో పదేళ్ల తర్వాత, 1988లో, బీఎండబ్ల్యూ కె100 మోడల్‌కు వచ్చింది.

ప్రాక్టీస్ ఎలా చేయాలి? ఎక్కడ చేయాలి?

చేయాలి, తప్పకుండా చేయాలి. మొదటిసారి ఆ కుదుపు మీకు ప్రమాదంలో తగలకూడదు. మధురవాడ అవతల, ఆనందపురం వైపు ఇంకా ఇళ్లు రాని లేఅవుట్లలో ఖాళీ రోడ్లుంటాయి. తెల్లారాక, మనుషులూ పశువులూ లేని టైమ్ చూసుకోండి. పక్కన అనుభవం ఉన్న మనిషిని కూర్చోబెట్టుకోండి. సీట్లో, డిక్కీలో వదులుగా ఉన్న సామాన్లు తీసేయండి, సీటు బెల్టు పెట్టుకోండి. 40 వేగంలో వెళ్తూ, వెనక అద్దం చూసుకుని, పెడల్‌ను తన్నినట్టుగా అడుగంటా తొక్కి బండి ఆగేదాకా ఉంచండి. పొడి రోడ్డు మీద మొదలవకపోతే, వాన వెలిశాక అదే చోట మళ్లీ ప్రయత్నించండి. కుదుపు అలవాటయ్యాక, బ్రేక్ అలాగే తొక్కి పట్టుకుని, దారిలో పెట్టిన ఒక ఖాళీ అట్టపెట్టెను తప్పించి పక్కకు తిప్పడం నేర్చుకోండి.

బైకు మీద ఈ ప్రాక్టీస్ హెల్మెట్, చేతి గ్లవ్స్, బూట్లు లేకుండా వద్దు. 25, 30 వేగంతో మొదలుపెట్టి, తిన్నగా వెళ్తూ మాత్రమే చేయండి.

మాది ఏబీఎస్ లేని పాత కారు. ఏం చేయమంటారు?

బ్రేక్‌ను ఒక్కసారిగా కాకుండా, గట్టిగా కానీ క్రమంగా తొక్కండి. టైరు కీచుమని అరవడం మొదలైందంటే లాక్ అవడానికి దగ్గరలో ఉన్నట్టు. లాక్ అయి స్టీరింగ్ పనిచేయకపోతే, కాలు కొంచెం సడలించి చక్రాన్ని తిరగనిచ్చి, బండిని పక్కకు తిప్పి, మళ్లీ తొక్కండి. ఇంట్లో ఏబీఎస్ ఉన్న బండీ, లేని బండీ రెండూ ఉంటే ఎక్కేముందే ఏ బండిలో కూర్చున్నారో గుర్తు చేసుకోండి. రెంటికీ కాలు చేయాల్సిన పని వేరు.